పట్టిక కంటే ముందు ప్రశ్న

(జిమ్ గ్రే స్మృతికి అంకితం చేసిన స్మారక ఉపన్యాసం, పార్సిప్పనీ, న్యూజెర్సీ)

1908 నాటి భారత రిజిస్ట్రేషన్ చట్టంలో 55వ సెక్షన్ చిన్నదే. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఏయే సూచికలు రాసి ఉంచాలో చెప్పడం దాని పని. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లన్నీ ఒకటో పుస్తకంలో, వచ్చిన వరసలో ఎక్కుతాయి. ఆ ఒక్క పుస్తకానికి రెండు సూచికలు. ఇండెక్స్-1 మనుషులది: రాసిచ్చినవాళ్లు, రాయించుకున్నవాళ్లు. ఇండెక్స్-2 ఆస్తిది: ఏ ఊరు, ఏ సర్వే నంబరు. దస్తావేజు ఒక్కటే అయినా దాన్ని వెతుక్కుంటూ వచ్చే ప్రశ్నలు రెండు రకాలని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఫలానా ఆయన ఏమేం అమ్మాడన్నది ఒకటి. ఈ చేను మీద తనఖాలేమైనా ఉన్నాయా అన్నది రెండోది. రెండింటికీ వాళ్లు ముందే దారి వేసి పెట్టారు. సూచిక రాయడం గుమాస్తాకు రోజూ అదనపు చాకిరీ. పొలం కొనబోయే రైతు వచ్చి అడిగినప్పుడు పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి తిరగేసే పని తప్పాలని ఆ చాకిరీ పెట్టారు.

ఆ సూచికల పనే ఇవాళ డేటాబేసుల్లో జరుగుతోంది. డేటాబేస్ చదువులో లాజికల్ డిజైన్, ఫిజికల్ డిజైన్ అని రెండు భాగాలుంటాయి. మొదటి దాంట్లో ఏ విషయాలు నమోదు కావాలి, దేనికి ఏది సంబంధం, ఏది దేన్ని నిర్ణయిస్తుంది అన్నవి తేలతాయి. రెండో దాంట్లో ఆ తేలిన సంగతిని డిస్కు మీద ఏ వరసలో పేర్చాలి, ఏ ఇండెక్సులు కట్టాలి, ఎక్కడ ముక్కలు చేయాలి అన్నవి తేలాలి. మొదటి దానికి క్లాసులో గౌరవం ఎక్కువ. రెండోది ప్రొడక్షన్లో సిస్టమ్ నెమ్మదించాక, రాత్రిపూట, డేటాబేస్ నిర్వహించే డీబీఏ నెత్తిన పడుతుంది. ఈ అలవాటు మారాలన్నదే ఈ ఉపన్యాసం వాదన. ఎవరు, ఏమి, ఎన్నిసార్లు, ఎంత సేపట్లో జవాబు కావాలని అడుగుతారో రాసుకోకుండా మొదలుపెట్టిన ఫిజికల్ డిజైన్ డిజైనే కాదు. టేబుళ్ల బొమ్మ ఎంత చక్కగా ఉన్నా ఆ ప్రశ్నల జాబితా లోటును తీర్చలేదు.

జిమ్ గ్రే పేరు మీద ఈ మాట చెప్పడానికి కారణముంది. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన గ్రే చదువు బర్కిలీలో సాగింది. 1966లో డిగ్రీ అయ్యాక కొత్తగా పెళ్లయిన జంటగా న్యూజెర్సీ వచ్చారు. మర్రీ హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో ఒక ఏడాది పనిచేస్తూ, వారంలో రెండు రోజులు న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు విన్నారు. పార్సిప్పనీ నుంచి మర్రీ హిల్‌కు కారులో అరగంట. తర్వాత మళ్లీ బర్కిలీ చేరి 1969లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. ఐబీఎంలో సిస్టమ్ ఆర్ జట్టులో ఉండి ట్రాన్సాక్షన్ అనే భావనకు, లాకుల పద్ధతికి గట్టి పునాది వేశారు. ట్యాండెమ్, డిజిటల్, మైక్రోసాఫ్ట్‌లలో ఆ పని కొనసాగింది. 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరి 28న, తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి ఒంటరిగా పడవలో ఫారలాన్ దీవుల వైపు వెళ్లి తిరిగి రాలేదు. కోస్ట్‌గార్డ్ గాలించింది. ఉపగ్రహ చిత్రాల ముక్కలను వేలాది మంది ఇళ్లలో కూర్చుని వెతికారు. ఆచూకీ దొరకలేదు.

ఆయన రాసిన వాటిలో పెద్ద పెద్ద గ్రంథాలున్నాయి. ఈ సభకు మాత్రం 1987లో జియాన్‌ఫ్రాంకో పుట్జోలుతో కలిసి రాసిన ఒక చిన్న వ్యాసం ఎక్కువ పనికొస్తుంది. దాని పేరు అయిదు నిమిషాల సూత్రం. అప్పటి ట్యాండెమ్ యంత్రాల ధరలు పట్టుకుని వాళ్లు ఒక లెక్క వేశారు. సెకనుకు ఒకసారి డిస్కును ముట్టుకునే సామర్థ్యం కొనాలంటే, ప్రాసెసర్ వాటాతో కలిపి, సుమారు 2,000 డాలర్లు. మెయిన్ మెమరీ కిలోబైటు 5 డాలర్లు. కిలోబైటు రికార్డును సెకనుకోసారి అడుగుతుంటే, 5 డాలర్లు పెట్టి దాన్ని మెమరీలో ఉంచుకోవడం వల్ల 2,000 డాలర్ల డిస్కు పని తప్పుతుంది. పది సెకన్లకోసారి అడిగినా 200 డాలర్లు మిగులుతాయి. లాభనష్టాలు ఎక్కడ సమానమవుతాయంటే 2,000ను 5తో భాగిస్తే వచ్చే 400 సెకన్ల దగ్గర. అంటే దాదాపు అయిదు నిమిషాలు. అంతకంటే తరచుగా అడిగేది మెమరీలో ఉండాలి, అంతకంటే అరుదుగా అడిగేది డిస్కు మీద ఉండాలి.

ధరలు మారాయి, 1997లో గ్రేనే మరొకసారి లెక్క కట్టారు, తర్వాత ఇతరులు కట్టారు. జవాబు మారుతూ వచ్చింది, పద్ధతి మాత్రం నిలిచింది. ఎంత తరచుగా అడుగుతారన్నదే ఆ లెక్కకు ఆధారం. అది తెలియనివాడు మెమరీ ఎంత కొన్నా తెలియకుండానే కొన్నట్టు. మెమరీ, ఎస్‌ఎస్‌డీలు అమ్మే పీఎన్‌వై కంపెనీ ప్రధాన కార్యాలయం పార్సిప్పనీలోనే ఉంది కాబట్టి, ఈ ఊరి వాళ్లకు మెమరీ ధరల కబుర్లు కొత్త కావు.

ఈ ఊరి చుట్టుపక్కల డేటా వ్యాపారం పాతదే. హెన్రీ టాబ్ 1949లో ప్యాటర్సన్‌లో జీతాల లెక్కలు కట్టిపెట్టే చిన్న సంస్థ మొదలుపెట్టారు. ఇవాళ రోజ్‌లాండ్ కేంద్రంగా నడిచే ఏడీపీ అదే. అద్దె కార్ల ఏవిస్ బడ్జెట్ గ్రూపుకు పార్సిప్పనీయే ప్రధాన స్థానం. 1972లోనే ఏవిస్ విజార్డ్ పేరుతో ఆన్‌లైన్ రిజర్వేషన్ సిస్టమ్ తెచ్చింది. పక్కనున్న ఫ్లోర్‌హామ్ పార్కులో ఏటీ అండ్ టీ పరిశోధనశాల ఉండేది. రూట్ 46 మీద, లేక్ హయావథా వీధుల్లో కనిపించే తెలుగు కుటుంబాల్లో చాలామందిని ఈ ప్రాంతానికి రప్పించింది ఇలాంటి కంపెనీల డేటాయే.

అందులోనూ ఒక తరాన్ని రప్పించింది ఒక ఫిజికల్ డిజైన్ నిర్ణయం. 1960, 70లలో స్టోరేజీ ఖరీదైన సరుకు. పంచ్‌కార్డుకు 80 కాలమ్‌లే. అందుకని ఏడాదిని నాలుగంకెలకు బదులు రెండంకెల్లో రాశారు. 1967కి 67 చాలన్నారు. రికార్డుకు రెండు బైట్లు మిగిలాయి. మిగిలిన రెండు బైట్ల కోసం వదులుకున్నది శతాబ్దాన్ని. 00 అంటే 1900 అవునో 2000 అవునో టేబుల్ చెప్పలేని స్థితి వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి ప్రపంచమంతా కలిపి 300 నుంచి 600 బిలియన్ డాలర్ల దాకా ఖర్చవుతుందని గార్ట్‌నర్ అంచనా వేసింది. అమీర్‌పేటలో కోబాల్, డీబీ2 కోర్సులు నిండిపోయాయి. అమెరికా కాంగ్రెస్ 1998లో చట్టం చేసి హెచ్1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. న్యూజెర్సీలో ఇవాళ ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని కాలేజీలకు పంపిన తెలుగువాళ్లలో ఎందరో ఆ రెండు బైట్ల పుణ్యాన వచ్చినవాళ్లే.

ఆ కథ మన బతుకుల్ని బాగు చేసింది. డిజైన్‌గా చూస్తే మాత్రం అది పెద్ద తప్పు. జాగా పొదుపు చేయడం తప్పు కాదు. తేదీని లోపల రోజుల సంఖ్యగా కుదించి దాచుకుంటే రెండంకెల ఏడాది అంత జాగాలోనే పూర్తి తేదీ పట్టేది. పొదుపు కోసం అర్థాన్ని కోసేయడం తప్పు. ఫిజికల్ నిర్ణయం ఏదైనా సరే, కింద ఏం మార్చినా పైన చెప్పే నిజం చెక్కు చెదరకూడదు.

ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో పట్టుబట్టింది దీని కోసమే. అప్పటికి పెద్ద కంపెనీల డేటా ఐఎంఎస్ లాంటి సిస్టమ్‌లలో చెట్టు ఆకారంలో ఉండేది. ఆ ఐఎంఎస్ అపోలో చంద్రయానానికి కావాల్సిన విడిభాగాల లెక్క కోసం పుట్టింది. ప్రోగ్రామ్ రాసేవాడు ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు దిగాలో తెలుసుకుని రాయాలి. కొమ్మ మారిస్తే ప్రోగ్రామ్ ఆగిపోయేది. డేటాను పట్టికలుగా చూడండి, లోపల ఎలా దాచామన్నది ప్రోగ్రామ్‌కు తెలియనక్కర్లేదు అన్నారు కాడ్. ఆ అడ్డుగోడ ఉన్నందువల్లే ఇవాళ ఒక డీబీఏ నడుస్తున్న సిస్టమ్‌కు కొత్త ఇండెక్స్ కట్టి, ఒక్క లైను కోడ్ మార్చకుండా, నిమిషాల క్వెరీని క్షణాల్లోకి తేగలుగుతున్నాడు. లాజికల్‌ను ఫిజికల్ నుంచి విడదీసింది రెండో దాన్ని చిన్నచూపు చూడమని కాదు, దాన్ని స్వేచ్ఛగా మార్చుకోమని.

ఇక ఇండెక్స్-2 దగ్గరికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ 1998 నవంబరులో కార్డ్ పేరుతో మొదలైంది. దాన్ని నడిపించిన ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. అంతకు ముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, కావాలంటే గుమాస్తా ఇండెక్స్ పుస్తకాలు తీసి ఏడాది తర్వాత ఏడాది వెతికి రాసివ్వాలి. రోజులు పట్టేది. కార్డ్ దాన్ని నిమిషాల్లోకి తెచ్చింది. ఆ వేగం ఊరికే రాలేదు. పాత ఏళ్ల సూచికలను కూర్చుని ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకెళ్లి పుస్తకం తీయించాల్సిందే.

ఈసీ ప్రశ్నను ముందు పెట్టుకుని ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక టేబుల్‌లో కోటి లావాదేవీలున్నాయనుకుందాం, వరసకు 200 బైట్లు. డేటాబేస్ డిస్కు నుంచి చదివేది వరసలుగా కాదు, పేజీలుగా. పేజీ 8 కిలోబైట్లయితే ఒక్కో పేజీలో 40 వరసలు పడతాయి. మొత్తం రెండున్నర లక్షల పేజీలు, సుమారు 2 గిగాబైట్లు. తిరిగే డిస్కు వరసగా చదివితే సెకనుకు 100 మెగాబైట్లు ఇస్తుంది కాబట్టి టేబుల్ మొత్తం చదవడానికి 20 సెకన్లు. అదే డిస్కు ఎక్కడో ఉన్న ఒక్క పేజీ కోసం తల కదిపి తేవాలంటే 10 మిల్లీసెకన్లు.

ఇప్పుడు ఊరు, సర్వే నంబరు మీద ఒక ఇండెక్స్ కడదాం. ఇవాళ దాదాపు అన్ని డేటాబేసులూ వాడే ఇండెక్స్, బోయింగ్‌లో పనిచేస్తూ బేయర్, మెక్‌క్రైట్ రూపొందించి 1972లో అచ్చువేసిన బీ-ట్రీ సంతానమే. ఒక్కో నమోదుకు 20 బైట్లయితే పేజీకి 400 నమోదులు. 400ను మూడుసార్లు హెచ్చిస్తే 6.4 కోట్లు. అంటే మూడు మెట్లు దిగితే కోటి వరసల్లో ఏదైనా దొరుకుతుంది. ఒక సర్వే నంబరు మీద ముప్పై ఏళ్లలో 12 లావాదేవీలుంటే మూడు మెట్లకు మూడు, వరసలకు పన్నెండు, మొత్తం 15 పేజీలు. డిస్కు మీద 150 మిల్లీసెకన్లు. 20 సెకన్లెక్కడ, ఇదెక్కడ!

ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. ఇదే ఇండెక్స్ మహిమను చూసి ప్రతి కాలమ్‌కూ ఒకటి కట్టే డెవలపర్ల కోసం రెండో లెక్క. ఈ ఏడాది రాష్ట్రంలో జరిగిన అమ్మకాలన్నీ కావాలని రెవెన్యూ శాఖ అడిగింది. అవి 5 లక్షలు, టేబుల్‌లో నూటికి 5. తేదీ మీద ఇండెక్స్ ఉంది. వరసలు మాత్రం టేబుల్ నిండా చెదిరి ఉన్నాయి. ఒక్కో వరసకు ఒక పేజీ చొప్పున తెస్తే 5 లక్షల సార్లు 10 మిల్లీసెకన్లు, అంటే 5,000 సెకన్లు, గంటా ఇరవై మూడు నిమిషాలు. ఇండెక్స్ లేకుండా టేబుల్ మొత్తం చదివితే 20 సెకన్లే! ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఈ బాధ పోయిందని కొందరంటారు. ఒక్కో రీడ్ 0.1 మిల్లీసెకను అనుకున్నా, ఒకదాని తర్వాత ఒకటి తెస్తే 50 సెకన్లు. సెకనుకు 500 మెగాబైట్ల చొప్పున మొత్తం చదివితే 4 సెకన్లు. తేడా తగ్గింది గాని తీర్పు మారలేదు. 1979లో పట్రీషియా సెలింజర్ జట్టు సిస్టమ్ ఆర్ కోసం రాసిన ఆప్టిమైజర్ ఇలాంటి లెక్కలే వేసి దారి ఎంచుకునేది. నేటి ఆప్టిమైజర్లు దాని వారసులు. టేబుల్‌లో ఏవి ఎన్ని ఉన్నాయో చెప్పే స్టాటిస్టిక్స్ పాతబడితే వాటి లెక్క తప్పుతుంది. ఎగ్జిక్యూషన్ ప్లాన్ నిన్నటి దాకా బాగుండి ఇవాళ తిరగబడిందంటే ముందు అనుమానించాల్సింది ఆ స్టాటిస్టిక్స్‌ని.

అసలు నిర్ణయం మరొకటుంది: వరసల్ని ఏ క్రమంలో పేర్చాలి? రిజిస్ట్రేషన్ చట్టంలోని ఒకటో పుస్తకంలాగా తేదీ వరసలో పేరిస్తే రెవెన్యూ శాఖ అడిగిన 5 లక్షల వరసలు 12,500 పక్కపక్క పేజీల్లో ఉంటాయి. సెకనులో వచ్చేస్తాయి. ఊరు, సర్వే నంబరు వరసలో పేరిస్తే ఈసీకి కావాల్సిన 12 వరసలూ ఒకటి రెండు పేజీల్లో దొరుకుతాయి. 150 మిల్లీసెకన్లు 50కి దిగుతాయి. టేబుల్‌ను పేర్చగలిగేది ఒక్క క్రమంలోనే. రోజంతా వందల కౌంటర్లలో నడిచేది ఈసీ, ఏడాదికోసారి అడిగేది రెవెన్యూ నివేదిక. అది తెలిసినవాడికి నిర్ణయం ఒక్క నిమిషం పని. తెలియనివాడు డేటాబేస్ ఇచ్చిన డిఫాల్ట్‌కు తల ఒగ్గుతాడు. ఆ డిఫాల్టులూ ఒక తీరుగా ఉండవు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వేరే చెప్పకపోతే ప్రైమరీ కీ క్రమంలో పేరుస్తుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ ఎప్పుడూ ప్రైమరీ కీ క్రమమే పాటిస్తుంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఏ క్రమమూ పాటించవు. ఒక డేటాబేస్‌లో పరుగెత్తిన డిజైన్ ఇంకోదాంట్లో ఎందుకు కుంటుతుందో చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

ఫారిన్ కీల విషయమూ అంతే. లాజికల్ బొమ్మలో రెండు టేబుళ్ల మధ్య గీత గీసి ఊరుకుంటారు. ఆ ఫారిన్ కీ కాలమ్ మీద ఇన్నోడీబీ తనే ఇండెక్స్ కడుతుంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ కట్టవు. తల్లి టేబుల్‌లో ఒక్క వరస తీసేయబోతే, పిల్ల టేబుల్‌లో దాన్ని ఎవరైనా వాడుతున్నారేమో చూడడానికి డేటాబేస్ మొత్తం టేబుల్ చదువుతుంది. ఒరాకిల్‌లో ఆ సమయంలో పిల్ల టేబుల్‌కు లాక్ కూడా పడుతుంది. టెస్ట్ డేటాలో వంద వరసలే ఉంటాయి కనక ఇది ఎవరి కంటా పడదు.

తెలుగు నేల నుంచే మరో ఉదాహరణ, ఈసారి కీ గురించి. ఊరిని గుర్తించడానికి జిల్లా కోడ్, మండలం కోడ్, ఊరి కోడ్ మూడూ అతికించి ప్రైమరీ కీ చేయడం ప్రభుత్వ సిస్టమ్‌లలో చూడగానే సబబనిపిస్తుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మారింది. జిల్లా కోడ్ ఊరి గుర్తింపులో భాగమైతే ఆ ఊరి ప్రతి దస్తావేజు వరసా, దాని మీద కట్టిన ప్రతి ఇండెక్సూ తిరగరాయాలి. ఊరికి ఎప్పటికీ మారని నంబరిచ్చి, ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందన్నది వేరే టేబుల్‌లో ఉంచితే మార్పు కొద్ది వరసలతో తీరిపోతుంది. ఇది లాజికల్ డిజైన్ చేయాల్సిన పని. అక్కడ తప్పితే కింద ఎన్ని ఇండెక్సులు కట్టినా లాభం లేదు. సర్వే నంబరూ అంతే. దాన్ని ఒకే అక్షరాల కాలమ్‌లో పెడితే 9 కంటే 10 ముందొస్తుంది, 12/3 వేరు 12-3 వేరు అవుతాయి. నంబరు ఒక కాలమ్, సబ్‌డివిజన్ ఇంకో కాలమ్ కావాలి.

రిజర్వేషన్ సిస్టమ్‌లలో సమస్య మరో రూపంలో ఉంటుంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా నూవార్క్ ఎయిర్‌పోర్టులో ఒక ఎస్‌యూవీ దొరుకుతుందా అని ఒకరు అడిగారు. నార్మలైజ్ చేసిన, అంటే ప్రతి నిజాన్నీ ఒక్కచోటే రాసిన, టేబుళ్లలో దీనికి జవాబు ఉంది: ఆ నాలుగు రోజుల్లో ఒక్కో రోజుకు ఉన్న బుకింగ్‌లు లెక్కపెట్టి, ఉన్న కార్లలోంచి తీసేయాలి, ఏ రోజూ మిగులు సున్నా కాకూడదు. ఆ ప్రశ్న సెకనుకు వందలసార్లు వస్తే ప్రతిసారీ లెక్కపెట్టడం కుదరదు. అందుకని స్టేషను, కారు తరగతి, తేదీ వారీగా మిగిలినవి ఎన్నో ఒక సంఖ్యను విడిగా ఉంచుకోవచ్చు. దీన్నే డీనార్మలైజేషన్ అంటారు. చదవడం చవకవుతుంది. అయితే ఇప్పుడు ఒకే నిజం రెండుచోట్ల ఉంది, బుకింగ్, సంఖ్య రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో మారాలి. పండగ వారాంతంలో అందరూ అదే సంఖ్యను తగ్గించడానికి వస్తే ఆ ఒక్క వరస దగ్గర క్యూ కడతారు. అంటే భారం చదివే దగ్గర తగ్గి రాసే దగ్గరికి చేరింది. జిమ్ గ్రే జీవితకాలం పట్టించుకున్న లాకుల శాస్త్రం ఇక్కడే అక్కరకొస్తుంది. లాక్ టేబుల్ మొత్తానికి వేయాలా, పేజీకా, వరసకా అన్న ప్రశ్న మీద ఆయన జట్టు 1975 ప్రాంతంలోనే పని చేసింది.

ఈ చిక్కును తెలుగువాళ్లు బాగా ఎరిగిన చోటు రైల్వే. సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్టు కోసం కాచుకున్నవాళ్లకు, ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్ తెరుచుకోగానే ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఒకే రైలు, ఒకే తేదీ మీద దేశమంతా ఒక్క నిమిషంలో పడడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట అమల్లోకి వచ్చింది సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదు కేంద్రాలూ ఒక అల్లికగా కలిశాయి. ప్రయాణికుడికి అది ఒకే సిస్టమ్, ఏ ఊళ్లో నిలబడైనా ఏ స్టేషను నుంచైనా టికెట్టు తీసుకోవచ్చు. లోపల మాత్రం డేటా అయిదు కేంద్రాల్లో పంచి ఉంది, అడిగిన రైలు ఖాతా ఏ కేంద్రంలో ఉంటే ప్రశ్న అక్కడికి వెళుతుంది. లాజికల్‌గా ఒకటి, ఫిజికల్‌గా అయిదు. కాడ్ కట్టిన అడ్డుగోడ దేశమంత పెద్దదైతే ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది.

ఇలా డేటాను ముక్కలుగా పంచే పార్టిషన్ గొప్పతనం చూడాలంటే ఫ్లోర్‌హామ్ పార్కు చాలు. ఏటీ అండ్ టీ తన ఫోన్ కాల్ రికార్డుల కోసం డేటోనా అనే డేటాబేస్‌ను సొంతంగా కట్టుకుంది. 2005 సెప్టెంబరు నాటికి అందులోని కాల్ రికార్డులు, కుదింపు విప్పి లెక్కిస్తే, 312 టెరాబైట్లు దాటాయి. కాల్ ఒకసారి జరిగాక మారదు. ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక నంబరు, కొన్ని తేదీల చుట్టూ ఉంటుంది. ఇలాంటి డేటాను తేదీ వారీగా ముక్కలు చేస్తే అడిగిన రోజుల ముక్కలే తెరుస్తారు, మిగతావి ముట్టరు. గడువు తీరిన రోజును వరస వరసగా చెరపక్కర్లేదు, ముక్కను ఊడదీస్తే సరి. మారని డేటాను గట్టిగా కుదించవచ్చు. జీతాల డేటా స్వభావం కూడా ఇలాంటిదే, నెల ముగిశాక ఆ నెల ముక్కలో రాతలు ఆగిపోతాయి.

ఇదంతా యంత్రమే చేసుకోలేదా అని కుర్రాళ్లు అడుగుతారు. చాలా వరకు చేసుకుంటుంది. సురజిత్ చౌధురి, వివేక్ నరసయ్య 1997లో ఏ ఇండెక్సులు కట్టాలో సూచించే సాధనం గురించి వ్యాసం రాశారు, ఆ సాధనం మరుసటి ఏడాది ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0లో అందరి చేతికీ వచ్చింది. పదేళ్ల తర్వాత ఆ వ్యాసానికి డేటాబేస్ పరిశోధకుల వీఎల్‌డీబీ సభ పురస్కారం కూడా ఇచ్చింది. ఇప్పుడు ఒరాకిల్, అజ్యూర్ తమంతట తామే ఇండెక్సులు కట్టి, పనికిరాకపోతే తీసేస్తున్నాయి. ఆ 1997 సాధనం తీసుకునే ముడిసరుకేమిటో ఒకసారి గమనించాలి. టేబుళ్లతో పాటు వాటి మీద నడిచే క్వెరీల జాబితా కూడా దానికి ఇవ్వాలి. అంటే యంత్రం కూడా ముందు ప్రశ్నలే అడిగింది. నడిచిన క్వెరీలనే అది చూడగలదు, వచ్చే దసరాకు తెరిచే కొత్త సేవను చూడలేదు. జిల్లా కోడ్ కీలో ఉండకూడదని చెప్పలేదు.

క్లౌడ్ వచ్చాక ఈ నిర్లక్ష్యానికి బిల్లు కూడా వస్తోంది. గూగుల్ బిగ్‌క్వెరీ ఆన్‌డిమాండ్ పద్ధతిలో ఎన్ని బైట్లు చదివిస్తే అన్ని డబ్బులు. తేదీ పార్టిషన్ లేని టేబుల్ మీద నిన్నటి లెక్క అడిగినా అన్ని ఏళ్ల డేటా చదివిన ఖర్చు పడుతుంది. పాత రోజుల్లో తప్పు డిజైన్ వల్ల సిస్టమ్ నెమ్మదించేది, వాడేవాళ్లు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు అది నెలాఖరుకు ఫైనాన్స్ వాళ్ల కంటికి అంకెగా కనబడుతోంది. ఒక రకంగా ఇది మంచిదే.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో రేపు ఎవరో ఒకరు కొత్త టేబుల్ మొదలుపెడతారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక జట్టు ప్రభుత్వం కోసం కొత్త సిస్టమ్ కడుతూ ఉంటుంది. వాళ్లందరికీ ఒక విన్నపం. లాజికల్ మోడల్‌ను రివ్యూకు పెట్టిన రోజే దాని వెనక ఇంకో కాగితం జతచేయండి. వచ్చే ప్రశ్నలు ఏవి, ఒక్కోటి రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని వరసల్ని తాకుతుంది, ఎన్ని సెకన్లలో జవాబు రావాలి, ఎవరు రాస్తారు, ఎంత కాలం దాచాలి అన్నవి అందులో ఉండాలి. కౌంటర్లో కూర్చునే గుమాస్తాను, ఫోన్ తీసే కాల్ సెంటర్ అమ్మాయిని అడిగి రాయండి, మేనేజర్ ఊహను బట్టి రాయవద్దు. ఆ కాగితం లేని మోడల్‌కు సంతకం పెట్టకండి.